మేఘం చాటు నక్షత్రం, ఓ కింద సీసీ

పాత అమెరికన్ వెండి డాలర్లను సంవత్సరాల వారీగా పోగేసేవాళ్లు ఒక రకం. ఒకే ఏటి డాలర్లు పది ముందేసుకుని, ఏది ఏ డైతో, అంటే నాణెం మీద బొమ్మ దించే ఏ ఉక్కు అచ్చుతో, కొట్టిందో భూతద్దంతో తేల్చేవాళ్లు ఇంకో రకం. ఈ రెండో రకం వాళ్ల చేతిలో ఎక్కువగా కనిపించే పుస్తకాలు రెండు. 1794 నుంచి 1803 దాకా వచ్చిన తొలి డాలర్లకు బొలెండర్ 1950లో వేసింది ఒకటి. 1878లో మొదలైన మోర్గాన్ డాలర్లకు వాన్ ఆలెన్, మాలిస్ కూర్చిన జాబితా మరొకటి. ఆ ఇద్దరి పేర్ల నుంచి పుట్టిందే ఈ జాబితాకున్న ‘వామ్’ అనే పేరు.

తొలి డాలర్ల నాటికి ఫిలడెల్ఫియా టంకసాలలో డై అంటే సగానికి పైగా చేతిపని. అక్షరాలు, అంకెలు, నక్షత్రాలు ఒక్కొక్కటిగా సుత్తితో దించేవారు. అందుకే ఏ రెండు డైలకూ పోలిక కుదరదు. 1799 నాటి డాలరు ఒకటి చూడండి. బొమ్మ వైపు తేదీలో 8 మీద 9 దిద్దారు. బొరుసు వైపు గద్ద తల చుట్టూ 13 నక్షత్రాలు ఉండాలి. డై చెక్కినాయన 15 కొట్టేశాడు. తీరా చూసుకున్నాక ఆ ఉక్కు పారేయడానికి మనసు రాలేదు కాబోలు, అటు చివర ఇటు చివర మేఘాలను లావు చేసి అదనపు నక్షత్రాలను కప్పెట్టాడు. కప్పడమూ సరిగ్గా కుదరలేదు. మేఘం అంచున నక్షత్రం మొనలు ఇప్పటికీ పొడుచుకొస్తున్నాయి.

మోర్గాన్ల దగ్గరికొచ్చేసరికి బొమ్మంతా ఒకే హబ్ మీద, అంటే డైలను తయారుచేసే మూల అచ్చు మీద, ఉంటుంది. దాన్ని డై ఉక్కు మీద ఒత్తుతారు. ఒక్క ఒత్తుకు పూర్తిగా దిగదు. ఉక్కును కాల్చి మెత్తబరిచి మళ్లీ ఒత్తాలి. ఆ రెండోసారి వెంట్రుకవాసి జరిగితే గీత జంటగా పడుతుంది. 1888 న్యూ ఆర్లీన్స్ డాలర్లలో ఒక డై మీద బొమ్మలోని లిబర్టీ దేవత పెదవులు, ముక్కు, గడ్డం అలాగే రెండేసి పడ్డాయి. దాన్ని ‘హాట్ లిప్స్’ అంటారు. ముచ్చటగానే ఉంటుంది గానీ, అందులో తప్పు చేసి నాలిక కరుచుకున్న మనిషి జాడ లేదు.

అంతమాత్రాన మోర్గాన్లను తీసిపారేయలేం. కార్సన్ సిటీ టంకసాల 1893లో నాణేలు కొట్టడం మానేశాక, సీసీ అనే ఆ టంకసాల గుర్తున్న బొరుసు డైలు మిగిలిపోయాయి. ఆ గుర్తు మీదే న్యూ ఆర్లీన్స్ గుర్తయిన ఓ కొట్టి, 1900లో అక్కడి డాలర్లకు వాడేశారు. ఓ వెనక సీసీ ఆనవాలు కనిపిస్తుంది. మేఘాలు లావు చేసినాయన పొదుపే ఇది, వందేళ్ల తర్వాత.

వామ్‌తో నా పేచీ ఒక్కటే. డై మీద పడ్డ గీతకూ, రెండు డైలు గుద్దుకున్న మచ్చకూ కూడా అది చోటిస్తుంది. అవి డై వాడకంలో తిన్న దెబ్బలు, పుట్టుకతో వచ్చిన పోలికలు కావు. బొలెండర్ నంబరు చెప్పేది ప్రధానంగా బొమ్మా బొరుసుల డై జోడీని. చదువరిగా నా ఓటు ఆయనకే.

కాకపోతే తొలి డాలరు అరిగిపోయినదైనా సామాన్యుడి జేబుకు అందదు. కాబట్టి కొత్తవాళ్లు మోర్గాన్‌తోనే మొదలుపెట్టండి. ముందు 1878 డాలరు తిప్పి గద్ద తోక చూడండి: 8 ఈకల్ని 7 చేసినప్పుడు, కొన్ని డైల మీద పాత ఈకల కొసలు కిందే ఉండిపోయాయి.