శ్రీమద్రామాయణమున హేమంతవర్ణనము - శోకోపశమము

శ్రీమద్రామాయణారణ్యకాండమునందలి 16వ సర్గము హేమంతవర్ణనమునకుఁ బ్రసిద్ధము. శూర్పణఖ రాకకు ముందు కథ కించుక విశ్రాంతి నొసఁగుటకై కవి దీనిని గూర్చెనని తలఁచువారు కలరు. ఋతువర్ణనము మహాకావ్యమునకు వలసిన వర్ణనలలో నొకటియని తరువాతి లాక్షణికులు చెప్పుటయు నీ తలంపునకు బలము చేకూర్చినది. కాని సర్గము నాద్యంతములు పరిశీలించినచో నొక చిక్కు కానవచ్చును. ఆరంభమున రాముఁడు 'సుఖమ్' వసించుచుండెనని యున్నది. అంతమున నాతఁడే 'విలపన్' గోదావరిఁ జేరెనని యున్నది. సుఖముగ నున్నవాఁడు విలపించు టెట్లు? ఈ రెండు పదముల నడుమ నున్నది హేమంతము. కాఁబట్టి యీ చిక్కు విడిననే గాని వర్ణనప్రయోజనము తెలియదు.

రాముని శోకము నూతనము కాదు. మునుల యాశ్రమములలోఁ దిరుగుచు 10 సంవత్సరములు గడపిన పిదప నాతఁడు పంచవటికి వచ్చెను. తండ్రి మరణించి పెక్కేండ్లాయెను. భరతునెడఁబాటును నంతే. ఇట్టి ప్రాఁతశోకము పొంగి పొరలునది కాదు, లోపల నడఁగియుండునది. దానికి వలసినది ఉపదేశము గాదు, వెలువడుటకొక త్రోవ. ఆ త్రోవను జూపినవాఁడు లక్ష్మణుఁడు.

వేకువను రాముఁడు స్నానార్థము గోదావరికి నడచుచుండఁగా లక్ష్మణుఁడు కలశము చేతఁ బట్టుకొని సీతతోఁ గూడ వెనువెంట నడచును. ఆతని మొదటి మాట, నీకుఁ బ్రియమైన కాలము వచ్చినదని. 'హేమంత' శబ్దమును ఉణాదులయందు హన్ ధాతువునుండి సాధింతురు. చలిచేఁ గొట్టునది యని యర్థము. కొట్టెడు కాలము ప్రియమగు టెట్లు? లక్ష్మణుఁడు చూపిన వస్తువులే దీనికి సమాధానము. దప్పిగొన్న యడవియేనుఁగు చల్లని నీటిని దాఁకి తొండమును వెనుకకుఁ దీసికొనును. నీటిపక్షులు పిఱికివారు యుద్ధమునకుఁ బోలే యొడ్డుననే నిలిచి నీట దిగవు. పూవులు లేని వనపంక్తులు మంచు కప్పుకొని నిదురించుచున్నట్లుండును. నదిపైఁ గ్రమ్మిన యావిరిలో సారసములు కానరావు, కూఁతలచేతనే యెఱుఁగఁబడును. ప్రతిప్రాణియుఁ దనలోనికిఁ దాను ముడుచుకొనిన కాలమిది. ఇచ్చట శోకించువానిని సంతోషింపుమని పిలుచునది యేదియు లేదు.

కిష్కింధాకాండారంభమునఁ బంపాతీరవసంతము దీనికి విరుద్ధము. అచ్చట నెమిలి జతతో నాడుటయుఁ జెట్లు పూచుటయు రామునికి దుఃఖమునే పెంచినవి. వర్షాశరద్వర్ణనములందును ఋతుశోభ విరహమున కుద్దీపకమే. పంపాతీరమున సీత లేదు, పంచవటి నున్నది. కాఁబట్టి భేదము పరిస్థితివలనఁ గలిగినదే గాని ఋతువువలనఁ గాదని యాక్షేపింపవచ్చును. ఆక్షేపము కొంత సత్యమే. కాని సీత చెంత నున్నను భరతస్నేహముచేఁ దన మనస్సు తపించుచున్నదని యీ సర్గమున రాముఁడే పలికెను. ఆ తాపము వెలువడుటకుఁ గవి పూచిన వసంతమును గాక, తామరతూఁడులు మాత్రమే మిగిలిన హేమంతమును గైకొనుట యాలోచింపఁదగినది.

సూర్యునిచేఁ గాంతి గోలుపోయిన చంద్రుఁడు నిట్టూర్పుచే మాసిన యద్దమువలె నుండెనను భావము లోకప్రసిద్ధము. 9వ శతాబ్దివాఁడగు ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకమున 2వ ఉద్ద్యోతమందు దీని నుదాహరించి, 'అంధ' శబ్దము స్వార్థమును బూర్తిగ విడిచి కాంతిహీనతను స్ఫురింపఁజేయునని చూపెను. ఆ విచారమున 'అంధ' శబ్దమే ప్రధానము. కాని యద్దమును మాపినది నిట్టూర్పు. భరతుని పేరెత్తుటకు ముందే శోకచిహ్నము వర్ణనమునఁ బ్రవేశించినది.

పిదప లక్ష్మణుని మాట భరతునిపైకిఁ బోవును. రాజ్యమును భోగమును విడిచి యాతఁడు చల్లని నేలపై శయనించుచున్నాఁడు. ఈ వేళకే లేచి సరయువునకు స్నానమునకుఁ బోవుచుండును. సుకుమారుఁడై పెరిగినవాఁ డీ చలిలో నెట్లు మునుఁగునో యనును. వర్ణనమున కిది ప్రాణస్థానము. పంచవటిని దెలుఁగువారు భద్రాచలప్రాంతమునఁ బర్ణశాలయందును, ఇతరులు నాసికయందును జూపుదురు; ఏది యైనను నది గోదావరియే. ఆ గోదావరిచలియే సరయువుచలిని దలపించినది. ఒక చలి యిరువురన్నదమ్ములకు సమాన మగుటచే దూరము తఱిగినది. హేమంతము సౌందర్యముచే నూఱడించుట లేదు. తోడిదుఃఖితుని దలపించుటచే నూఱడించుచున్నది.

ఈ తలంపు కైకేయీనిందగా మాఱఁబోవఁగా రాముఁడు వారించెను. మధ్యమాంబను నిందింపవలదు, భరతుని కథయే చెప్పుమనెను. కోపమువలన శోకము తీరదనియు, ప్రియజనస్మరణమే దాని కాధార మనియు నీ మాట తెలుపుచున్నది.

ఇఁక నా రెండు పదములు. 'సుఖమ్' అనునది క్రియావిశేషణము. వసించుటకు విశేషణమే గాని రాముని మనస్సునకుఁ గాదు. 'విలపన్' శత్రంతము. 'విలప్య' యని ల్యబంతమును బ్రయోగించియుండినచో విలాపము ముగిసిన పిదపఁ జేరెనని యర్థమగును. శతృప్రత్యయముచే విలాపమును నడకయు నేకకాలమున సాగినవని తేలుచున్నది. సర్గారంభమున వసించుటను దెలుపు 'వసతః' అను పదమును శత్రంతమే. వాసమును సాగుచున్నది, విలాపమును సాగుచున్నది. ఒకటి రెండవదాని నాఁపుట లేదు. ఊఱట యనఁగా శోకము ముగియుట గాదు. శోకముతోడనే నది దాఁక నడువఁగలుగుట.

హేమంతమునఁ జనులు క్రొత్తధాన్యముతోఁ బితృదేవతల నర్చింతురని లక్ష్మణుఁడు మొదటనే చెప్పియుండెను. సర్గాంతమున మువ్వురును స్నానమాడి పితృదేవతలకుఁ దర్పణము లిచ్చి యుదయించిన సూర్యుని స్తుతించిరి. ఋతుధర్మముగాఁ జెప్పఁబడినది వారి శోకమునకుఁ గర్తవ్యరూప మయ్యెను. వర్ణనశ్లోకములను మాత్రము వేఱుచేసి బోధించినచో విద్యార్థి మంచునే చూచును, భరతునిఁ జూడఁడు. సర్గమును దర్పణము దాఁక బోధించిననే హేమంతము రామునికిఁ బ్రియ మగుటకుఁ గారణ మాతనికిఁ దెలియును.