స్టేషన్ని కొన్నాడు సరే, జామీను ఎవరిస్తారు?

'పుష్ప 2'లో నాకు బాగా నచ్చిన సీనూ, కోపం తెప్పించిన సీనూ ఒకటే. తన కూలీల్ని లోపలేశారని పుష్పరాజ్ స్టేషన్‌కొస్తాడు. బెయిల్ ఊసే ఎత్తడు. పోలీసులకు బతుకంతా జీతానికి సరిపడా డబ్బు పడేసి, ఉద్యోగాలు మాన్పించి, తన మనుషుల్ని తీసుకుపోతాడు. ఈల వేయాల్సిన సీనే, నేనూ వేశా.

సుకుమార్ ఒకప్పుడు లెక్కల మాస్టారు. ఆ వాసన ఈ సినిమాల్లో తెలుస్తుంది. మంగళం శీను చెన్నైలో టన్నుకు ఎంత నొక్కేస్తున్నాడో పుష్ప కనిపెట్టడమే కదా మొదటి భాగంలో అసలు మలుపు. అంత లెక్క తెలిసిన సినిమా, దొరికిపోయిన కూలీ బయటికి రావడానికి ఎంతవుతుందో మాత్రం చూడదు.

శేషాచలం అడవుల్లో పట్టుబడేవాళ్లలో చాలామంది తమిళనాడు నుంచి, తిరువణ్ణామలై వైపు జవ్వాదు కొండల నుంచి వచ్చినవాళ్లు. కోర్టు బెయిలిచ్చినంత మాత్రాన పని అయిపోదు. జామీనుదార్లు కావాలి. వాళ్ల చేతిలో ఇంటిపన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో ఉండాలి. కొండ దిగి వచ్చినవాడికి తిరుపతిలో పూచీ పడే మేనమామ ఎవరున్నారు? పక్క జిల్లావాడని జామీనుదార్ని తోసిపుచ్చడం తప్పని మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ 1978లోనే తేల్చారు. అక్కడ ముద్దాయి ఒక తాపీమేస్త్రీ, అడిగిన పూచీ 10,000 రూపాయలు.

అమెరికాలో అయితే దీనికి బాండు కంపెనీలున్నాయి. మామూలుగా పదోవంతు ఫీజు తీసుకుని పూచీ పడతాయి, ఆ ఫీజు తిరిగి రాదు. మన దగ్గర ఆ వ్యాపారానికి లైసెన్సు లేదు, అంతే తేడా. 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం విచారణ ఖైదీలే. పేద ఖైదీల పూచీకి డబ్బిచ్చే కేంద్ర పథకం 2023లో గానీ రాలేదు.

2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులు హత్యకు గురయ్యారు. ఆ కేసులో 280 మందికి పైగా తమిళ కూలీల్ని తిరుపతి కోర్టు 2016లో నిర్దోషులుగా వదిలేసింది. అప్పటికే చాలామంది రెండేళ్లకు పైగా జైల్లో గడిపారు. ఆ రోజుల కూలి ఏ సిండికేటు పద్దులోనూ ఉండదు.

సుకుమార్ ఈ పద్దు కూడా కలిపి ఉంటే, ఆ నోట్లకట్టలు స్టేషన్ బల్ల మీద కాకుండా కోర్టు వరండాలో కనబడేవి, పాసుపుస్తకం చంకన పెట్టుకుని వచ్చే ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో.