తట్టి చూసిన కుండ

కారులో పెట్టుకునే మా బుల్లి కూలర్ పెట్టె ఈ వారం చల్లబడటం మానేసింది. విప్పాను. ఏది ఆగినా విప్పి చూడటం నా రోగం. లోపల ఒక పెల్టియర్ బిళ్ల, కరెంటు పారితే ఒక ముఖం చల్లబడేది. నాలుగు సెంటీమీటర్ల చదరంలో 127 జతలు, అంటే 254 బిస్మత్ టెల్యురైడ్ కాళ్లు, అన్నీ ఒకే వరసలో. ఒక్క కాలు విరిగినా, సీరియల్ లైట్ల దండలా మొత్తం ఆగిపోతుంది.

"తట్టి చూడకుండా ఏదీ కొనకు" అని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో! ఆ పాఠం మా నాయనమ్మది. సంతలో కుండను అరచేతిలో నిలబెట్టి, వేలి కణుపుతో కొట్టేది. ఖంగుమంటే సంచిలోకి, బొంగురుపోతే వెనక్కి. అలా ఏరి తెచ్చిన కుండే ఒకసారి పొయ్యి మీద, చన్నీళ్లు పోయగానే నిట్టనిలువునా పగిలింది. మర్నాడు పోట్లాటకు వెళితే కుమ్మరి తాత నవ్వాడు: "నువ్వు తట్టింది చల్లగా ఉన్న కుండని గదమ్మా!"

బిస్మత్ టెల్యురైడ్ కష్టమూ అదే. ఒక ముఖం వేడి, ఇంకో ముఖం చల్లన. స్ఫటికం గూడూరు అభ్రకంలా పొరలుపొరలు. టెల్యురియం పొరల మధ్య పట్టు బహు బలహీనం. దాని గట్టితనం చూడాలంటే సన్నని కడ్డీని రెండు ఆనుల మీద పెట్టి నడుమ నొక్కుతారు. లేదా వజ్రపు మొన గుచ్చి, మూలల నుంచి పాకే పగుళ్లు కొలుస్తారు. ఒకే దిమ్మెలో కోసిన పది కడ్డీలు పది బరువులకు విరుగుతాయి. లోపలి పగులు ఎంత పెద్దది, ఎక్కడుంది అన్నదాన్ని బట్టి. అందుకే ఒక్క అంకె చాలదు. ఎన్ని కడ్డీలు ఏ బరువుకు విరిగాయో వైబుల్ లెక్కలో చెబుతారు. పైగా విరిచి చూసిన కడ్డీ ఇక పనికిరాదు. వాడబోయే కడ్డీనేమో విరవలేం.

ఈ స్ఫటికాన్ని పొడి చేసి, వేడిలో అదిమి అతికిస్తే గట్టిపడుతుంది, నిజమే. కానీ వేడి ఇటునుంచి అటు సులువుగా దాటకుండా ఆపేది కూడా కొంతవరకు ఆ వదులు బంధాలే. లోపమే గుణమైనప్పుడు దాన్ని ఎంతని తీసేస్తాం?

1977లో వెళ్లిన వాయేజర్ అంతరిక్ష నౌకల్లో ఒక్కోదానిలో వేడి నుంచి కరెంటు తీసే మూడు జనరేటర్లు, ప్రతిదానిలో ఇలాంటివే 312 సిలికాన్-జెర్మేనియం జతలు. ఒకటి విరిగినా కరెంటు పక్కదారిన పోయేలా తీగలు కలిపారు. పరీక్షించారు, అయినా విరుగుతుందనే అనుకున్నారు.

నాయనమ్మ తట్టడం మానలేదు. కాకపోతే, ఆ సంత నుంచి ఎప్పుడూ రెండు కుండలు తెచ్చేది.