నిప్పుకి ముందు నూనె

మొన్న శనివారం పొద్దున్న, డాలస్ శివారులోని మా ఇంటి గ్యారేజీలో మా అబ్బాయి తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా 1972 నాటి షెవర్లే సీ10 పికప్. అందులో 350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజన్. ఓవరాయిలింగ్ చేశాక మూడు నెలలు స్టాండు మీదే ఉండిపోయింది, ఆ వారమే బండిలోకి దించాం. బ్యాటరీ ఎక్కించాం, పెట్రోలు పోశాం. "సెల్ఫ్ కొట్టేయనా నాన్నా?" అన్నాడు. "ఆగరా, దీనికింకా నూనె పట్టలేదు" అన్నాను.

సంపులో నూనె పోసినంత మాత్రాన ఇంజనుకి నూనె పట్టినట్టు కాదు. క్రాంకుకీ బేరింగుకీ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అక్కడ నూనె పొర నిలిచినంతసేపూ ఇనుము బేరింగుని తాకదు. మూడు నెలలు ఊరకే ఉన్న ఇంజన్లో ఆ నూనె కిందికి జారిపోయి ఉంటుంది. అలాగే స్టార్ట్ చేస్తే, పంపు నూనె లాగి పైకి పంపేలోపే కొత్త బేరింగుల మీద గీతలు పడొచ్చు.

అందుకే ముందు డిస్ట్రిబ్యూటర్ బయటికి తీస్తాం. 1955లో మొదలైన ఈ చిన్న షెవర్లే వీ8 కుటుంబంలో నాకు అన్నిటికన్నా నచ్చే పనితనం ఇక్కడే ఉంది. క్యామ్‌షాఫ్ట్ మీది పళ్ళు డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పుతాయి. డిస్ట్రిబ్యూటర్ అడుగు కొస ఒక సన్నటి కడ్డీని పట్టుకుని, కింద సంపులో ఉన్న పంపుని తిప్పుతుంది. పైన ఎనిమిది సిలిండర్లకి నిప్పు పంచేదీ, కింద నూనె తోడేదీ ఒకే ఇరుసు. పళ్ళచక్రం డిస్ట్రిబ్యూటర్‌కే ఉంటుంది కాబట్టి దాంతోపాటే పైకి వచ్చేస్తుంది. ఇక ఇంజన్ కదలకుండానే పంపుని విడిగా తిప్పుకోవచ్చు. మన ఊళ్ళలో తిరిగిన పాత మహీంద్రా పెట్రోలు జీపుల్లో ఈ వీలు లేదు. వాటిలో ఆ చక్రం పంపుకే ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్ పంపు వెనకాల తిరుగుతుంది.

తీసే ముందు డిస్ట్రిబ్యూటర్ మూత కింద తిరిగే రోటర్ ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకోవాలి. పళ్ళు ఏటవాలుగా ఉంటాయి కనక పైకి లాగుతుంటే రోటర్ కొంచెం పక్కకి తిరుగుతుంది. తీసిన వెంటనే కన్నానికి గుడ్డ కప్పాలి. ఒక్క నట్టు అందులో పడిందంటే సంపు విప్పాల్సిందే.

మొదటిసారి ఇలా పంపుని విడిగా తిప్పినప్పుడు ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ పిడి తీసేసి డ్రిల్లుకి బిగించాను. నూనె ఒత్తిడి చూపే గేజి ముల్లు కాస్త లేచింది గానీ కుడివైపు వాల్వుల్ని నొక్కే రాకర్లు ఎంతసేపటికీ తడవలేదు. కారణం తర్వాత తెలిసింది. ఆ వైపు టాపెట్లకి వెళ్ళే నూనె దారి డిస్ట్రిబ్యూటర్ కన్నం మీదుగానే పోతుంది. డిస్ట్రిబ్యూటర్ ఒళ్ళే ఆ దారికి గోడ. ఆ గోడ లేకపోతే నూనె మళ్ళీ సంపులోకే కారిపోతుంది. ఇప్పుడు పాత డిస్ట్రిబ్యూటర్ ఒకటి తెచ్చి, పళ్ళచక్రం తీసేసి వాడుతున్నాను.

డ్రిల్లు మా వాడి చేతికిచ్చాను. షెవర్లేకి గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. చిన్న ఫోర్డ్ వీ8కైతే దానికి ఎదురు. మొదట డ్రిల్లు బరువు లేకుండా గిర్రున తిరిగింది. వాడు నా మొహంలోకి చూశాడు. ఆపొద్దన్నాను.

ఆ కాసేపటిలో నాకు మా పొలం కాలవగట్టు గుర్తొచ్చింది. పంపుసెట్టు వేసే ముందు నాన్న బకెట్టుతో పేడనీళ్ళు పోసేవాడు, ఫుట్‌వాల్వు దగ్గర కారే సందులు పూడుకోవడానికి. "గొట్టం నిండకుండా తిప్పితే గాలే తోడుద్దిరా" అనేవాడు. కొన్ని పాత బ్యూయిక్ వీ8 ఇంజన్లదీ ఇదే తంతు. వాటి పంపు సంపులో మునిగి ఉండదు, ముందువైపు కవర్లో పైన ఉంటుంది. పంపు విప్పి బిగించేటప్పుడు పళ్ళ మధ్య వాజలీను కూరతారు. అది సందులు మూస్తేనే పంపు నూనెని లాగుతుంది. ఆ సంగతి తెలిసినప్పుడు నాన్న చేతిలోని బకెట్టే నా కళ్ళముందు మెదిలింది.

ఇంతలో డ్రిల్లు గొంతు మారింది. సన్నటి రొద కాస్తా మూలుగులా అయింది. మా వాడి మణికట్టు మెలిపడబోయింది, రెండో చెయ్యి వేసి పట్టుకున్నాడు. నూనె అందిందన్నమాట. గేజి ముల్లు 40 దాటింది. నేను క్రాంకుని పావు చుట్టు తిప్పాను, మళ్ళీ పావు చుట్టు. ఒక్కోసారికి కొన్ని టాపెట్ల కన్నాలు నూనె దారికి ఎదురొస్తాయి. పుష్‌రాడ్ల చివర తేనెరంగు బొట్టు ఊరి, రాకర్ల మీదుగా జారింది. పదహారూ తడిసేదాకా డ్రిల్లుకి మధ్యమధ్య విశ్రాంతి ఇస్తూ తిప్పాం. క్యామ్ గుబ్బలకి మాత్రం ఈ నూనె అంతగా చేరదు. వాటికి బిగించేటప్పుడు పూసిన చిక్కటి లేపనమే దిక్కు. దాన్ని పూయడంలో పిసినారితనం పనికిరాదు.

డిస్ట్రిబ్యూటర్‌ని తిరిగి దించేటప్పుడు అది పూర్తిగా కూర్చోలేదు. డ్రిల్లు తిప్పాక కింది కడ్డీ గాడి ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. క్లాంపు బిగించి బలవంతంగా కూర్చోబెట్టేవాళ్ళని చూశాను, ఆ పని చెయ్యకూడదు. పొడవాటి స్క్రూడ్రైవర్‌తో గాడిని కొంచెం కొంచెం తిప్పుతూ మూడుసార్లు దించి చూశాం. మూడోసారి చప్పుడు లేకుండా బ్లాకుకి ఆనుకుంది, రోటర్ మొదటి సిలిండర్ వైపు చూసింది.

మా వాడు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. సెల్ఫ్ ఇంకా మూలుగుతోంది, ఇంజన్ అందుకోలేదు. గేజి ముల్లు మాత్రం అప్పటికే లేచి ఉంది.