చిప్పు మూత తీసి చదివేవాళ్లు

పాత ఆర్కేడ్ గేమ్ యంత్రాలు పాడైపోతున్నా వాటి నడక 'మేమ్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బతికుంది. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టిన ఈ పనికి తర్వాత ఎందరో చేయి కలిపారు. తెరమీద ఆట నడిస్తే వీళ్లకు సరిపోదు. అసలు యంత్రం ఎలా పనిచేసిందో కోడ్‌లో నమోదు కావాలి. కొన్ని యంత్రాల్లో నకలు తీయకుండా తాళం వేసిన చిప్పులుంటాయి. వాటి పైపెంకును ఆమ్లంతో కరిగించి, మైక్రోస్కోపు కింద ఫొటోలు తీసి, లోపలి బిట్లను ఒక్కొక్కటే చదివారు. ఎంత ఓపిక! ప్రాసెసర్ లయ తప్పితే పాట శ్రుతి తప్పుతుంది, బొమ్మ చెదురుతుంది. అదీ చూసుకుంటారు. 2016 నుంచి మేమ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు. నాకైతే ఆటలకన్నా కోడ్ మధ్య గీతలతో, అక్షరాలతో వేసిన సర్క్యూట్ బోర్డు పటాలే ఇష్టం. ఏ చిప్పు ఎక్కడుందో, దానిమీద ఏం రాసుందో అన్నీ ఉంటాయి.