ఎంత ఖాళీ వదలాలి?

డీటీపీ సెంటర్లో తరచూ వినబడే మాట: "ఇంకా చోటుంది కదండీ, ఇది కూడా ఇరికించండి." కాగితానికి డబ్బులిచ్చాం కాబట్టి అంచుదాకా అక్షరాలే ఉండాలన్నది చాలామంది లెక్క. పేజీలు దిద్దే పనిలో నాకు ఆ లెక్కతోనే రోజూ పేచీ.

2020లో సుప్రీంకోర్టు తన దగ్గర దాఖలయ్యే కాగితాలకు కొలతలు పెట్టింది. ఏ4 కాగితం, రెండువైపులా ప్రింటు, 14 సైజు అక్షరం, వరుసల మధ్య ఒకటిన్నర ఎడం, కుడిఎడమల 4 సెంటీమీటర్లు, పైనా కిందా 2 సెంటీమీటర్ల మార్జిన్. లెక్కేసి చూడండి, మార్జిన్లకే పేజీలో 46 శాతం పోతుంది. కాగితం ఆదా చేయమన్న కోర్టే అంత జాగా వదలమంది. కట్ట కుట్టాక లోపలి అంచు సగం కనబడదు. బయటి అంచున చదివేవాళ్లు గుర్తులు పెట్టుకోవాలి.

తెలుగు పేజీలో అసలు చిక్కంతా వరుసల మధ్యే. పేజ్‌మేకర్‌లో గానీ ఇన్‌డిజైన్‌లో గానీ లీడింగ్‌ను, అంటే వరుసల ఎడాన్ని, 'ఆటో'కు వదిలేస్తే అక్షరం సైజుకు 120 శాతం ఇస్తుంది. 12 పాయింట్లకు 14.4 అన్నమాట. ఇంగ్లీషుకు అది చాలు. మనకు పై వరుసలో 'రాష్ట్రం' వస్తే 'ష' కింద టవత్తు, రవత్తు రెండూ దిగుతాయి. సరిగ్గా వాటి కింద 'కీ' పడిందా, గుడిదీర్ఘం వెళ్లి వత్తులకు తగులుతుంది. అందుకే నేను 18తో మొదలుపెట్టి, ఫాంటును బట్టి ఒకటో రెండో అటూ ఇటూ చేస్తాను.

శీర్షికకు కింద కన్నా పైన ఎక్కువ జాగా ఉండాలి. లేకపోతే అది ఏ పేరాదో తెలియదు. పేరాల మధ్య ఎడం వరుసల ఎడం కన్నా కొట్టొచ్చినట్టు కనబడాలి. అనుమానం వస్తే ప్రూఫును తలకిందులు చేసి చూస్తాను. అప్పుడు కన్ను చదవడం మానేసి, ఎక్కడ కిక్కిరిసిందో ఇట్టే పట్టేస్తుంది.

ఖాళీ ఎక్కువైనా చేటే. పట్టికలో పేరు ఈ చివర, అంకె ఆ చివర ఉంటే చూపు పక్క వరుసలోకి జారుతుంది. ఒకరి బాకీ ఇంకొకరి ఖాతాలో చదువుతాం.

కాబట్టి అచ్చుకిచ్చేవారికి నా మనవి ఒక్కటే. చోటు చాలకపోతే సైజు తగ్గించమనకండి, మ్యాటర్ తగ్గించండి.