గట్టు మీద మూడు చేతి తుపాకులు

టెక్సస్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగువాడు కొన్నేళ్లాగి ఎకరాల మాట ఎత్తుతాడు. మా తోడల్లుడూ ఎత్తాడు. డల్లాస్ నుంచి గంటన్నర ప్రయాణం, వేకో వైపు, ఇరవై ఎకరాలు. ముళ్లతీగ కంచె, మెస్కీట్ చెట్లు, ఎండాకాలంలో మోకాలి లోతు మిగిలే చెరువు, ఒక పాత రేకుల కొట్టం. కాగితాలు చేతికొచ్చిన వారానికి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఒక్కటే తుపాకి కొనాలంటే ఏది కొనమంటావు? నడుముకు పెట్టుకు తిరగాలి, గురి తప్పకూడదు, పందుల్నీ పాముల్నీ చూసుకోవాలి."

ఒకే ఎద్దు అరకకూ బండికీ బండలాగుడు పందేనికీ కావాలన్నట్టుంది. అయినా ప్రశ్న తప్పుకాదు. అక్కడి పల్లెల్లో చాలామంది ఒక్కదానితోనే సరిపెట్టుకుంటారు, కాబట్టి ఎన్నిక తప్పదు. నేను మూడింటిని పక్కపక్కన పెట్టి చూశాను. రూగర్ మార్క్ ఫోర్, .22 పిస్టల్. స్మిత్ అండ్ వెసన్ 642, .38 స్పెషల్ పొట్టి రివాల్వర్. గ్లాక్ 19, 9 ఎంఎం పిస్టల్. మూడూ పేరున్నవే, మూడూ అక్కడి ఏ దుకాణంలోనైనా దొరికేవే.

ముందుగా పందుల సంగతి తేల్చేద్దాం. టెక్సస్‌లో అడవిపందులు ఇరవై లక్షలకు పైనే అని అంచనా. 2019 నుంచి సొంత భూమిలో వాటిని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. కానీ ముదిరిన మగపందికి భుజాల మీద చర్మం డాలులా గట్టిపడి ఉంటుంది. దానికి రైఫిల్ కావాలి, లేదా గుంపు మొత్తాన్ని పట్టే పెద్ద బోను కావాలి. ఈ మూడింటిలో దేనితోనూ ఆ పనికి దిగకూడదు. గాయపడి పొదలోకి దూరిన పంది వెనక పిస్టల్ పట్టుకుని వెళ్లడం కన్నా తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. కాబట్టి చీడ అంటే ఇక్కడ పాము, కోళ్లగూడు మీద పడే రకూన్, కొట్టం కింద కాపురం పెట్టే స్కంక్, పచ్చిక తవ్విపోసే ఆర్మడిల్లో. చిన్న ప్రాణులు, దగ్గరి దూరాలు.

ఇక గురి. రూగర్ కంపెనీ 1949లో మొదలైందే .22 పిస్టల్‌తో. మార్క్ ఫోర్ ఆ వంశంలో నాలుగో తరం, 2016లో వచ్చింది. దీన్లో గొట్టం కదలదు. లోపల బోల్టు ఒక్కటే వెనక్కీ ముందుకీ పోతుంది. గురిచూసే ముల్లు, గాడి రెండూ కదలని ఉక్కు మీదే ఉంటాయి. ఐదున్నర అంగుళాల లావుపాటి గొట్టమున్న టార్గెట్ రకంలో ఆ రెంటి మధ్య దూరం సుమారు ఇరవై సెంటీమీటర్లు. 642లో అది తొమ్మిదికి అటూ ఇటూ. ఇక్కడ చిన్న లెక్క. గురి కుదిర్చేటప్పుడు ముల్లు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగిందనుకోండి. పదిహేను మీటర్ల అవతల మార్క్ ఫోర్ తూటా ఏడున్నర సెంటీమీటర్లు పక్కకి పోతుంది. పొట్టి రివాల్వర్‌ది దాదాపు పదిహేడు. రకూన్ ఛాతీ అరచేయంత ఉంటుంది. అంటే మొదటిదానితో తప్పు చేసినా జంతువుకు తగలొచ్చు, రెండోదానితో అదే తప్పు చేస్తే కోళ్లగూటి తడికకు తగులుతుంది.

దానికితోడు ట్రిగ్గర్. 642లో సుత్తి పైకి కనిపించదు, లోపలే దాగి ఉంటుంది. వేలితో లాగే ఒక్క లాగుడులోనే సుత్తి లేవాలి, చక్రం తిరగాలి, సుత్తి పడాలి. దానికి ఐదు కిలోలకు పైగా బలం కావాలి. తుపాకి బరువేమో నాలుగు వందల గ్రాముల పైచిలుకు. తన బరువుకు పన్నెండింతల బలంతో లాగితే చేతిలో వస్తువు కదలకుండా ఎలా ఉంటుంది? బిగించి పట్టిస్తే ఈ రివాల్వర్ కూడా చక్కగానే కొడుతుంది, గొట్టంలో దోషం లేదు. కానీ యంత్రంలో ఉన్న గురి మనిషి చేతికి అందకపోతే ఆ గురి ఎవరి సొమ్ము? గ్లాక్ ట్రిగ్గర్ ఈ రెండింటికీ మధ్యలో, రెండున్నర కిలోల దగ్గర ఉంటుంది. మొదటి తూటాకైనా పదిహేనో తూటాకైనా లాగుడు ఒక్కటే. కొత్తవాళ్లకు అది పెద్ద మేలు.

కంపెనీలు చెప్పని సంగతి ఒకటుంది, తూటా ధర. 9 ఎంఎం తూటా .22కి దాదాపు మూడింతలు పడుతుంది, .38 స్పెషల్ అంతకన్నా ఎక్కువ. అదే డబ్బుకు .22 వాడు మూడు వందలు పేలిస్తే గ్లాక్ వాడు వంద పేలుస్తాడు. 642 వాడు ఒక పెట్టె పేల్చేసరికే చేయి నొప్పి పుట్టి మానేస్తాడు. ఇంత తేలిక తుపాకిలో .38 తన్నే తన్ను అరచేతికి తెలుస్తుంది. ఏడాది తిరిగేసరికి ఎవరి చేయి కుదురుకుంటుందో చెప్పనక్కర్లేదు.

ఇక్కడిదాకా చదివి మార్క్ ఫోర్ కొనడానికి బయల్దేరకండి. ఆ టార్గెట్ పిస్టల్ కిలో బరువు. పొడుగు, మొద్దు. కంచె స్తంభాలు పాతేవాడు, ట్రాక్టరెక్కి దిగేవాడు, గడ్డిమోపు భుజానెత్తేవాడు దాన్ని మొదటి రోజు పెట్టుకుంటాడు. రెండో రోజు ట్రక్కు సీటు మీద వదిలేస్తాడు. మూడో రోజు అది ఇంట్లో ఉంటుంది. ఇదే కంపెనీ అల్యూమినియం తొడుగుతో ఏడు వందల గ్రాముల రకం కూడా చేస్తుంది గాని, పొడుగు పొడుగే. పాత తరాల రూగర్లను శుభ్రం చేయడానికి విప్పితే మళ్లీ బిగించడం గొప్ప తలనొప్పి. మార్క్ ఫోర్‌లో వెనక ఒక్క బొత్తాం నొక్కితే మడత విప్పినట్టు తెరుచుకుంటుంది. అందుకు మెచ్చుకోవాల్సిందే. అయితే 2017లో ఇదే తుపాకిని సేఫ్టీ లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలిచింది. సేఫ్టీ మీట సగంలో ఆగినప్పుడు ట్రిగ్గర్ లాగితే, తర్వాత మీట జరిపిన క్షణంలో పేలే ప్రమాదం ఉండేది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు దాని నంబరు సరిచూసుకోవాలి.

మోసుకు తిరగడంలో 642ని మించింది లేదు. జేబులో వేసుకుంటే తాళాల గుత్తిలా మరిచిపోవచ్చు. ఐదు తూటాలు. దుమ్మూ చెమటా పడినా పట్టించుకోదు. 1950లో వచ్చిన చీఫ్స్ స్పెషల్ నుంచి ఈ ఐదు గదుల చిన్న చట్రం పెద్దగా మారలేదు, మారాల్సిన పనీ పడలేదు. మనిషి వల్ల ప్రమాదం వస్తే, మూడడుగుల దూరంలో, అది తన పని తాను చేస్తుంది. అంతకు మించి అడిగితే మాత్రం పొలంలో దాన్ని మించిన దండగమారిది లేదు.

గ్లాక్ 19 నిండా తూటాలతో ఎనిమిది వందల యాభై గ్రాములు తూగుతుంది. 1988లో వచ్చిన నాటి నుంచి ఊళ్లో పోలీసు నడుముకూ అదే, పొలంలో రైతు నడుముకూ అదే. మూడు పరీక్షల్లోనూ రెండో ర్యాంకు తెచ్చుకునే పిల్లవాడిలాంటిది. తప్పు పట్టడానికి లేదు, ప్రేమించడానికీ లేదు. దీనికి బయట సేఫ్టీ మీట లేదు, ట్రిగ్గర్ మధ్యలో ఉన్న చిన్న నాలుకే కాపలా. ముళ్లతీగలో దూరేవాడికి ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒర తప్పనిసరి. రకూన్ మీద 9 ఎంఎం అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. పైగా రేకుల కొట్టంలో పేలిస్తే చెవుల్లో గంటసేపు జోరీగ. నిజానికి .22 పిస్టల్ మోత కూడా చెవికి చేటు చేసేంత ఉంటుంది. చిన్నదని చెవి మూయకపోవడం చాలామంది చేసే తప్పు.

పాముల దగ్గరికొస్తే లెక్కలన్నీ తలకిందులవుతాయి. అక్కడివాళ్లు పాముకు మామూలు తూటా వాడరు. చిన్న సీసపు రవ్వలు నింపిన తూటాలు దొరుకుతాయి, పదడుగుల లోపు పనిచేస్తాయి. .22లో ఆ రవ్వలు రెండు గ్రాములకు మించవు. .38లో మూడింతలకు పైనే. అంటే గురిలో ఆఖరున నిలబడ్డ పొట్టి రివాల్వర్ ఈ ఒక్క పనిలో ముందుకొస్తుంది. మార్క్ ఫోర్‌లో ఆ తూటా పేలుతుంది గాని, బోల్టును వెనక్కి నెట్టే ఊపు చాలక రెండోది గదిలోకి ఎక్కకపోవచ్చు. రివాల్వర్‌కు ఆ బాధ లేదు, చక్రాన్ని తిప్పేది వేలు.

ఈ కారణంగానే నా తూకం మూడింటినీ దాటి నాలుగోదాని వైపు మొగ్గింది. రూగర్ వారిదే సింగిల్ సిక్స్, 1953 నాటి రూపం. చూడ్డానికి కౌబాయ్ సినిమాలో తుపాకి. .22 రివాల్వర్, ఆరు గదులు, కిలోకు కాస్త తక్కువ బరువు. చక్రం మారిస్తే అదే తుపాకిలో బలమైన .22 మ్యాగ్నమ్ కూడా పేలుతుంది. మొదటి గదిలో రవ్వల తూటా, తర్వాతి వాటిలో మామూలువి పెట్టుకోవచ్చు. సుత్తిని బొటనవేలితో లేపాకే ట్రిగ్గర్ పనిచేస్తుంది. నిదానమే, ఆత్మరక్షణకు వెనకబాటే. కానీ పొలంలో తొందర ఎవరికి? లేపిన సుత్తికి ట్రిగ్గర్ తేలిగ్గా తెగుతుంది, గురి చెదరదు. 1973కి ముందు చేసినవైతే సుత్తి కింది గది ఖాళీగా ఉంచి ఐదే నింపాలి. ఆ ఏడు నుంచి వచ్చిన వాటిలో ట్రిగ్గర్ లాగితే తప్ప సుత్తి దెబ్బ తూటాదాకా చేరని కడ్డీ ఏర్పాటుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే 2019లో వచ్చిన వ్రాంగ్లర్ దీనికి చవక తమ్ముడు. మెరుగు తక్కువ, గురి సరిచేసుకునే మరలూ లేవు, పని మాత్రం దాదాపు అదే.

తుపాకి ఏదైనా కొన్ని చోట్ల చేయి ఆపుకోవాలి. స్కంక్ పట్టపగలు తూలుతూ తిరుగుతోందంటే రేబిస్ అనుమానం. తలకు గురిపెట్టకూడదు, పరీక్షకు మెదడే కావాలి. రాబందు దూడను పొడుస్తున్నా అనుమతి లేకుండా కాల్చకూడదు. 1918 నాటి వలస పక్షుల చట్టం దానికి అండ. రాటిల్ స్నేక్‌లు సాధారణంగా తమ పొడవులో సగం దూరానికి మించి కాటు అందించలేవు. తోకతో గిలక్కాయ వాయిస్తుంటే రెండడుగులు వెనక్కి వేస్తే గొడవే ఉండదు. బండరాతి నేల మీద .22 తూటా చెంగున లేచి ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ లేదు. గాలిలో మైలున్నర దాకా పోగలదని పెట్టెల మీదే రాసి ఉంటుంది. ఇరవై ఎకరాల కంచె దానికొక లెక్కా?

మనవాళ్లు పొరబడే చోటు ఇంకొకటి. హెచ్ వన్ బీ వీసా మీద ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులున్నాయి. "టెక్సస్ కదా, ఏదైనా చెల్లుతుంది" అనుకుని పరాచికానికి పట్టుకున్నా వీసాకు ఎసరు రావచ్చు. తోడల్లుడికి గ్రీన్‌కార్డు వచ్చింది. వాళ్ల తమ్ముడికి రాలేదు. అందుకని శనివారాలు తుపాకి బయటికి తీసినప్పుడు అతను దూరంగా కుర్చీ వేసుకుని టీ తాగుతాడు.

చివరికి అతను వ్రాంగ్లర్ తెచ్చుకున్నాడు. మొదటి నెలంతా ఖాళీ డబ్బాల మీదే సాధన చేశాడు, చేయి బాగానే కుదిరింది. ఆర్మడిల్లో మాత్రం ఇంకా తవ్వుతూనే ఉంది. అది తవ్వేది రాత్రిళ్లు, అతను రాత్రిళ్లు ఉండేది డల్లాస్‌లో.